నాపరాతి ఇంటి పెరట్లో పన్నెండు నెలలు

మే నెల రాగానే రాష్ట్రమంతా రెంటచింతల పేరు వింటుంది. ఎక్కడ ఎండ ఎక్కువ కాసిందో చెప్పే వార్తలో ఆ ఊరు తరచూ మొదటి వరసలో ఉంటుంది. వానలు పడ్డాక ఆ పేరు మళ్ళీ ఎవరికీ గుర్తుండదు. పల్నాడు మొత్తం కథే ఇది. బయటివాళ్ళకు పల్నాడంటే ఎండ, రాయి, పౌరుషం. శ్రీనాథుడిదని చెప్పుకునే చాటుపద్యం ఒకటి ఈ సీమలోని రాళ్ళనూ జొన్నకూటినీ ఏకరువు పెట్టి, వాటి పక్కనే పాములనూ తేళ్ళనూ నిలబెట్టింది. ఆ పద్యంలో అబద్ధం లేదు. పాములున్నాయి, తేళ్ళున్నాయి. వాటితోపాటు ఇంకా చాలా ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడి, పాత పేరు పటంలోకి ఎక్కింది. ఆ పటంలో కనిపించని పల్నాడు ఇళ్ళ వెనక, పెరళ్ళలో ఉంది. గురజాల, మాచర్ల పల్లెల్లో మామూలు రైతు ఇంటి పెరట్లో ఎన్ని ప్రాణాలు మనుషులతో కలిసి కాపురం చేస్తాయో కార్తె కార్తెకూ చూస్తే తప్ప తెలియదు.

ముందు ఇల్లు చూడాలి. మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ళ చుట్టుపక్కల నేల కింద సున్నపురాయి పొరలు పొరలుగా ఉంటుంది. గడ్డపారతో మీటితే పలకలుగా లేచే రాయి నాపరాయి. పాత ఇళ్ళలో గచ్చు అదే, అరుగు అదే, మెట్టు అదే, బట్టలుతికే బండా అదే. పెరటి గోడ కూడా దానిదే. చాలా గోడలకు సిమెంటు సంగతి అటుంచి, మట్టి కూడా సరిగ్గా పెట్టరు. పలక మీద పలక పేర్చుకుంటూ నడుమెత్తుకో భుజమెత్తుకో తెస్తారు. పలకకూ పలకకూ మధ్య వేలు పట్టే సందు ఒకచోట, పిడికిలి పట్టే సందు ఒకచోట. పల్నాటి పెరట్లో బతికే ప్రాణుల్లో సగానికి ఆ సందులే ఊరూ వాడా.

గోడ లోపల ఒక వేప, వీలుంటే ఒక చింత, మునగ, కరివేప, నిమ్మ, గన్నేరు, మల్లెపొద. ఓ పక్క గొడ్లచావిడి, దాని వెనక పెంటదిబ్బ, ఇంకో పక్క చొప్పవామి. బావి ఉంటే బావి, లేకపోతే రాతి తొట్టి. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్ర చిహ్నాలను ప్రకటించినప్పుడు వేపను రాష్ట్ర వృక్షంగా, రామచిలుకను రాష్ట్ర పక్షిగా, మల్లెను రాష్ట్ర పుష్పంగా, కృష్ణజింకను రాష్ట్ర జంతువుగా ఎంచింది. కృష్ణజింకను వదిలేస్తే మిగతా మూడూ పల్నాటి పెరట్లో ఒకే మూల కనిపిస్తాయి.

రోళ్ళు పగిలే రోజులు

ఉగాదికి వేప పూస్తుంది. పెరడంతా ఆ సన్నని చేదు వాసన. అప్పటి నుంచి రోహిణి కార్తె దాటేదాకా పల్నాడు నీడ కోసం బతుకుతుంది. మధ్యాహ్నం పన్నెండు దాటితే నాపరాతి గచ్చు మీద కాలు పెట్టలేం. పగలు తాగిన వేడిని రాయి రాత్రి పదింటి దాకా కక్కుతూనే ఉంటుంది. అందుకే మంచాలు ఆరుబయటికి వస్తాయి.

ఈ రెండు నెలల్లో పెరట్లో ఏం జరుగుతుందో తెలియాలంటే రాతి తొట్టి దగ్గర కూర్చోవాలి. మా మేనత్త ఇంట్లో గొడ్లు తాగే తొట్టికి ఒక వైపు అంచు కొట్టుకుపోయి పల్లంగా ఉంటుంది. పిట్టలన్నీ ఆ వైపే వాలతాయి. పొద్దున్నే గోరింకలు గుంపుగా వచ్చి గొడవ చేసి, మునిగి, రెక్కలు విదిలించి పోతాయి. ఆ తర్వాత పిగిలిపిట్టల జంట. పిచ్చుకలు ఎండ ముదిరాక వస్తాయి. కాకి ఎండు రొట్టెముక్క తెచ్చి నీళ్ళలో నానేసి తింటుంది. తొట్టి నుంచి కారిన నీళ్ళకు తడిసిన మట్టి దగ్గర సన్న నడుము కందిరీగ చేరుతుంది. అది నీళ్ళ కోసం కాదు, మట్టి కోసం. చిన్న ఉండ చేసుకుని, దవడలతో కరచుకుని, వసారా దూలం దాకా మోసుకుపోయి గూడు కడుతుంది. ఆ గూట్లోకి కందిరీగ పురుగును తెచ్చి, చుట్టూ తిరిగి రొద చేస్తే పురుగే కందిరీగ అవుతుందని పెద్దలు చెప్పేవారు. భ్రమరకీటక న్యాయమని పండితులు దానికి పేరు కూడా పెట్టారు. నిజానికి అది పురుగును కుట్టి, చంపకుండా కదలకుండా చేసి లోపల పెడుతుంది. తన గుడ్డు పగిలి పిల్ల బయటికి వచ్చాక ఆ పురుగే దానికి తాజా తిండి. తల్లి అక్కడ ఉండదు, తిండి మాత్రం చెడిపోకుండా ఉంటుంది. నాకు న్యాయం కన్నా ఈ ఏర్పాటే గొప్పగా తోస్తుంది.

"పొద్దుగూకే లోపు తొట్టి నిండా ఉండాలబ్బాయ్, రాత్తిరికి వచ్చేవి వస్తయ్" అంటుంది అత్తయ్య. రాత్రికి వచ్చేవంటే ముంగిస, అడవి అంచు ఊళ్ళలోనైతే నక్క, ఒక్కోసారి పాము. వాటి కోసం ఆమె నీళ్ళు పెడుతోందని అనుకోకూడదు. గేదెల కోసమే పెడుతుంది. కానీ మిగతావి తాగుతాయని ఆమెకు తెలుసు, తాగనిస్తుంది. పల్నాటి ఇళ్ళకూ ఈ ప్రాణులకూ ఉన్న సంబంధమంతా ఆ తాగనివ్వడంలో ఉంది. పుణ్యం కోసమనో పర్యావరణం కోసమనో ఎవరూ ప్రత్యేకంగా ఏమీ చేయరు. చేసే పనులు చేసే పద్ధతిలోనే వాటికి కొంత చోటు మిగులుతుంది.

కోకిల అరుపు ఈ నెలల్లోనే. నల్లగా, ఎర్రటి కళ్ళతో ఉండే మగపిట్ట కూత అది. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఆకుల్లో కలిసిపోయి ఉంటుంది, దాన్ని చూసినవాళ్ళు తక్కువ. కాకులు వేపచెట్టు కొమ్మల్లో పుల్లలు పేర్చుకునే రోజుల కోసమే కోకిలలు కాచుకుని ఉంటాయి. మగది కాకిని రెచ్చగొట్టి తరిమించుకుంటుంటే ఆడది గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. జూన్, జూలైల్లో పెరట్లో ఒక కాకి తనది కాని పిల్లకు నోట్లో తిండి కుక్కుతూ కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు.

కాకుల మాట వచ్చింది కాబట్టి కోటప్పకొండ సంగతి చెప్పాలి. నరసరావుపేటకు దగ్గరలో ఉన్న ఈ త్రికూటేశ్వరుడి కొండ మీద కాకి వాలదని జనం నమ్మకం. స్వామికి గొల్లభామ ఆనందవల్లి తెస్తున్న నీళ్ళ కుండను కాకి వచ్చి ఒలకబోసిందట, ఇక్కడ మీరు వాలకూడదని ఆమె శపించిందట. శివరాత్రికి ఆకాశమంత ప్రభలు కట్టుకుని వెళ్ళే లక్షల మందిలో పిల్లలున్నవాళ్ళు కొండెక్కుతూ ఆ కథ చెప్పకుండా ఉండరు. నీళ్ళు దొరకని సీమలో కుండ ఒలికితే ఎంత కోపం వస్తుందో ఈ కథ కట్టినవాళ్ళకు బాగా తెలుసు.

ఆరుద్ర పురుగు

మృగశిర వచ్చినా వాన వస్తుందన్న నమ్మకం లేదు. కానీ ఏదో ఒక సాయంత్రం పడమటి నుంచి దుమ్ము లేస్తుంది, వేపకొమ్మలు ఒకేవైపు వంగుతాయి, కాలిన రాయి మీద మొదటి చినుకులు పడి ఆవిరైపోతాయి. ఆ వాసన గురించి రాయని పత్రిక లేదు కాబట్టి వదిలేస్తాను. ఆ రాత్రి దీపం దగ్గర జరిగేది మాత్రం వదలలేను. గోడ మొదట్లోని పుట్ట నుంచి, చొప్పవామి అడుగు నుంచి, ఎక్కడెక్కడి నేలలోంచో ఉసిళ్ళు లేస్తాయి. వేలకు వేలు. వాటికి రెక్కలు ఆ ఒక్క పూటకే. బల్లులు గోడ దిగివస్తాయి, కప్పలు దీపం కింద నోరు తెరుచుకుని కూర్చుంటాయి, పైడికంటి కరెంటు స్తంభం మీద నుంచి దూకి గాలిలోనే అందుకుంటుంది. తెల్లారేసరికి గచ్చంతా రాలిన రెక్కలు. ఉసిళ్ళను ఏరి వేయించుకుని తినే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

పొద్దున్నే తడి నేల మీద ఆరుద్ర పురుగులు నడుస్తుంటాయి. ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో మొదలవుతుంది, పురుగు మాత్రం వానను బట్టి నాలుగు రోజులు అటూ ఇటూ. వేలి మీదకు ఎక్కించుకుని చూడాలి దాన్ని. ఒళ్ళంతా ఎర్రటి మఖమల్. ముట్టుకోగానే కాళ్ళు లోపలికి ముడుచుకుని, ఒక్క కదలిక లేకుండా ఉండిపోతుంది. కాసేపు ఊపిరి బిగబట్టి చూస్తే ముందు రెండు కాళ్ళు సాచి, అరచేతిని తడిమి, ఆ తర్వాత మిగతావి. కాళ్ళు లెక్కపెడితే ఎనిమిది. అంటే పురుగని పిలుస్తున్నాం గానీ దీనిది సాలీడు, తేలు ఉన్న వంశం. ఏడాదిలో ఎక్కువ భాగం ఇది నేల లోపలే ఉంటుంది. తొలకరికి పైకి వచ్చి చెదలనూ, ఇతర పురుగుల గుడ్లనూ తిని, జతకట్టి మళ్ళీ నేలలోకి పోతుంది. ఇంత ఎర్రగా పట్టపగలు ఆరుబయట తిరుగుతున్నా దాన్ని ఏ పిట్టా పెద్దగా ముట్టదు, రుచి చేదు. ఆ రంగు దాని భయం చెప్పేది కాదు, ఎదుటివాళ్ళను భయపెట్టేది. ఆరుద్ర పురుగు కనిపిస్తే విత్తనాలకు సమయమైందని రైతు లెక్క. పెసర, కంది, పత్తి మెట్ట పొలాల్లోకి పోయేది ఈ కార్తెలోనే.

ఇదే వారంలో ఇంకో రెండు సంగతులు జరుగుతాయి. ఒకటి తొండది. నెల క్రితం దాకా గోడ ఎక్కి తల ఎర్రగా చేసుకుని గుంజీలు తీసిన మగ తొండను చూసి, అది మన రక్తం పీల్చుతోందని పిల్లలు రాళ్ళు వేశారు. అది పీల్చేది ఏమీ లేదు, జత కోసం వేసుకున్న రంగు అది. ఇప్పుడు ఆడ తొండ మందారం పాదులో తడిసిన మట్టిని ముందరి కాళ్ళతో తవ్వి, గుడ్లు పెట్టి, మట్టి కప్పి, మూతితో గట్టిగా అదిమి పోతుంది. కలుపు తీసేవాళ్ళు అక్కడ చేయి పెడితే తెల్లటి మెత్తటి గుడ్లు బయటపడతాయి. రెండోది తేలుది. నాపరాతి పలక ఎత్తి చూస్తే వీపు మీద తెల్లటి పిల్లలను పొరగా మోస్తున్న తల్లి తేలు. తేలు గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. మొదటిసారి కుబుసం విడిచేదాకా ఆ పిల్లలు తల్లి వీపు దిగవు. పలక మళ్ళీ మెల్లగా దించేసినవాళ్ళనూ చూశాను, చెప్పుతో కొట్టినవాళ్ళనూ చూశాను. చిన్న పిల్లలున్న ఇంట్లో రెండో పని చేసినవాళ్ళను తప్పుపట్టలేను.

వానాకాలమంతా గిజిగాడిది

వర్షాలు నిలదొక్కుకుని గడ్డి మోకాలెత్తు ఎదిగాక బావి మీదకు వాలిన తుమ్మకొమ్మకు, పొలం గట్టు మీది తాటిమట్టలకు గిజిగాళ్ళు వస్తాయి. మగపిట్ట తలా రొమ్మూ పసుపు రంగుకు మారతాయి. గడ్డిపరక అంచును ముక్కుతో గాటుపెట్టి, ఎగురుతూనే పొడుగ్గా చీల్చుకుని వస్తుంది. ముందు కొమ్మకు ముడి, దాని నుంచి వేలాడే ఉంగరం, ఉంగరం మీద కూర్చుని చుట్టూ గోడ. గూడు సగమయ్యాక ఆపేస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపల దూరి, లాగి, ఊపి చూసి నచ్చితేనే మిగతా సగం, కిందికి వేలాడే గొట్టం దారి. నచ్చకపోతే ఆ గూడు అంతటితో సరి. బావి చుట్టూ సగంలో ఆగిన గూళ్ళు ఎన్ని కనిపిస్తే అన్ని తిరస్కారాలన్నమాట. గూడు లోపలి గోడకు పిట్ట బురద ముద్దలు అంటిస్తుంది. వాటికి మిణుగురును అతికించి దీపం పెట్టుకుంటుందని పల్నాటి పిల్లలందరూ వింటూ పెరిగారు.

గిజిగాడి మీద పద్యాలు రాసిన గుర్రం జాషువా 1895 సెప్టెంబరు 28న పుట్టింది వినుకొండలో. వినుకొండ ఇప్పుడు పల్నాడు జిల్లాలోనే ఉంది. తెలుగు బడిపిల్లలు ఆయన గిజిగాణ్ణి చదివారు, సాలీడునూ చదివారు. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో ఆయన హంసనో మేఘాన్నో కాకుండా గబ్బిలాన్ని దూతగా శివుడి దగ్గరికి పంపాడు. గుడిలోకి రానివ్వని మనిషి గోడు చెప్పడానికి గుడి కప్పుకు వేలాడే ప్రాణే తగిన దూత. ఆ కావ్యం వెనక ఉన్న బాధ పక్షులూ పురుగుల గురించి కాదు, మనుషుల గురించి. అయినా వాటిని ఎంత దగ్గరగా చూస్తే అలాంటి ఊహ వస్తుంది! జాషువా చూపు వెనక వినుకొండ రాళ్ళ సందులు, చింతచెట్లు, సాలెగూళ్ళు ఉన్నాయని నేను గట్టిగా నమ్ముతాను.

వానాకాలం పెరడు అందంగా ఉంటుంది, ప్రమాదంగానూ ఉంటుంది. బీరపాదు, సొరపాదు గోడెక్కుతాయి, బోదురుకప్పలు పసుపు రంగు వేసుకుని గుంటల్లో రాత్రంతా అరుస్తాయి. కప్ప ఉన్నచోటికి పాము వస్తుంది. పెరట్లో రెండు పాములు మెలికలు తిరిగి నిలువునా లేచి కనబడితే నాగుపామూ జెర్రిపోతూ జతకట్టాయని ఊరంతా పోగవుతుంది. చాలాసార్లు అవి రెండూ మగ జెర్రిపోతులే, బలం తేల్చుకుంటుంటాయి. జెర్రిపోతుకు విషం లేదు, ఎలకలను తింటుంది, రైతుకు దాని కన్నా మంచి చుట్టం లేదు. కట్లపాము అలా కాదు. అది రాత్రిపూట తిరిగేది, నేల మీద పడుకున్నవాళ్ళ పక్కలోకి చేరుతుంది. కాటు పెద్దగా నొప్పి ఉండదు, వాపూ కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పనో గొంతు పట్టేసిందనో లేస్తారు, కనురెప్పలు వాలిపోతాయి, ఆ తర్వాత ఊపిరి అందదు. మంత్రం కోసం ఊళ్ళు తిరగకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి విషానికి విరుగుడు ఇంజెక్షన్ వేయిస్తే బతుకుతారు. వానాకాలంలో నేల మీద పడుకోకుండా మంచం ఎక్కడం, దోమతెర అంచులు పరుపు కిందికి దోపడం, చీకట్లో టార్చిలైటు లేకుండా దొడ్లోకి పోకపోవడం అనే మూడు అలవాట్లు ఈ సీమలో ప్రాణాలు కాపాడతాయి. కార్తికంలో నాగులచవితికి పుట్టలో పాలు పోసే చేతులే ఈ జాగ్రత్తలూ తీసుకుంటాయి.

కాలువ వచ్చాక

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువకు జవహర్ కాలువ అని పేరు. జొన్న, సజ్జ, వరిగ పండిన నేలల్లో వరి, పత్తి, మిరప దిగాయి. మనుషుల తిండి మారింది, పెరట్లో పిట్టల తిండీ మారింది. కాలువ పారే ఊళ్ళలో తెల్లకొంగలు ఇంటి కప్పుల మీదికి వచ్చాయి, నీరుకోళ్ళు చెరువు తూటికాడలో కాపురం పెట్టాయి, లకుముకిపిట్ట కాలువ గట్టు తీగల మీద కూర్చోవడం మొదలుపెట్టింది. వెల్దుర్తి, బొల్లాపల్లి మెట్టలకు మాత్రం ఆ నీళ్ళు ఎక్కలేదు. అక్కడి పెరడు ఇప్పటికీ పాత పల్నాడే. కంపదడి, రేగుపొద, తెల్లవారుజామున కౌజుపిట్టల అరుపు.

దసరాకు పాలపిట్టను చూడాలని జనం పొలాల వెంట పడతారు. చలి మొదలయ్యాక జొన్న చేలు ఉన్నచోట గులాబీరంగు ఒంటితో, నల్లటి తలతో గోరింకల గుంపులు దిగుతాయి. ఇవి మన గోరింకలు కావు, మధ్య ఆసియా గడ్డిమైదానాల నుంచి వచ్చే చుట్టాలు. గుంపు గుంపంతా ఒకేసారి లేచి, తిరిగి, చేను అవతలి వైపు వాలుతుంది. కంకి మీద పడి తింటాయని రైతు వడిసెలతోనో డబ్బా మోగించో తోలతాడు. అవి మిడతలనూ తింటాయన్న మాట చెబితే "తినే మిడతల్ని తినమను, నా కంకి ఎందుకు తినాల?" అని అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే. ఫిబ్రవరి, మార్చిల్లో అడవి అంచున మోదుగలు పూస్తే ఆ పూల తేనె తాగి వాటి ముఖాలు పుప్పొడితో పచ్చబడతాయి, ఎండ ముదిరేలోగా వచ్చిన దారిన పోతాయి.

కార్తిక అమావాస్యకు కారెంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవం. నాగులేటి ఒడ్డున అయిదు రోజులు సాగే ఆ తిరునాళ్ళలో ఒక రోజు కోడిపోరుది. 12వ శతాబ్దపు యుద్ధానికి బ్రహ్మనాయుడికీ నాగమ్మకూ మధ్య జరిగిన కోడిపందెం కారణమని కథ చెబుతుంది కదా, దాన్ని ఏటా గుర్తు చేసుకుంటారు. పెరటి ప్రాణి ఒకటి చరిత్రకెక్కిన సీమ ఇది.

సంక్రాంతికి పిడుగురాళ్ళ సున్నంతో గోడలు తెల్లబడతాయి. వసారాలో వరికంకుల కుచ్చు కడితే పిచ్చుకలు వేలాడుతూ గింజ గింజా ఒలుచుకుంటాయి. ఆ తర్వాత మిరప కళ్ళాలు. మాచర్ల నుంచి నరసరావుపేట దాకా రోడ్ల పక్కన, డాబాల మీద, బీళ్ళలో ఎర్రటి పరుపులు. ఆ ఘాటుకు మనిషికి తుమ్ములాగవు, చిలక మాత్రం పండుమిరపకాయను కాలితో పట్టుకుని హాయిగా తింటుంది. కారాన్ని గుర్తుపట్టే గుణం పక్షుల నాలుకకు లేదు. మిరపకు కావలసిందీ అదే. గింజను నమిలి పాడుచేసే ఎలకనూ పందినీ కారంతో ఆపి, గింజను దూరంగా పడేసే పిట్టను మాత్రం పిలుస్తుంది.

గొడ్డు పోతే పిట్ట పోతుంది

పల్నాటి ఇంట్లో ఒకప్పుడు పశువులే ఆస్తి. బ్రిటిషువాళ్ళు అడవిలో పశువుల మేతకు పుల్లరి కట్టమంటే 1921–22లో ఈ పల్లెలు ఎదురుతిరిగాయి, మించాలపాడు మనిషి కన్నెగంటి హనుమంతు ఆ పోరాటంలోనే 1922లో తూటాలకు బలయ్యాడు. గొడ్డు మేత కోసం ప్రాణమిచ్చిన సీమ. ఇప్పుడు ట్రాక్టరు వచ్చింది, ఎడ్లు పోయాయి, పాలకు ఒకటో రెండో గేదెలు మిగిలాయి. పశువు పోతే దానితోపాటు ఏమేమి పోతాయో మనం లెక్క వేసుకోలేదు. ఎద్దు వీపెక్కి కూర్చుని, గడ్డిలోంచి లేచే పురుగును పట్టే పసులపోలిగాడు పోయింది. పెంటదిబ్బలో పేడ ఉండలు దొర్లించే పురుగు తగ్గింది, దాన్ని ఏరుకునే పాలపిట్టకు తిండి తగ్గింది. చొప్పవామి లేకపోతే ముంగిసకు చాటు లేదు.

మందుల సంగతి ఇంకా పెద్దది. 2021లో నల్ల తామర పురుగు మిరప పూత మీద పడి తోటలకు తోటలు పీకించింది. అప్పుడు రైతు ఏ మందు దొరికితే ఆ మందు కొట్టాడు. అప్పుల్లో ఉన్నవాడు ఏం చేస్తాడు? అతన్ని నిందించే హక్కు పిట్టల మీద ప్రేమున్న నాలాంటివాళ్ళకు లేదు. కానీ మందు కొట్టిన చేను నుంచి ఇంటి పెరడు ఎంతో దూరం ఉండదు. పిచ్చుక గింజ తిని బతుకుతుందని అనుకుంటాం. పిల్లలకు మాత్రం అది పురుగులే తెచ్చి పెడుతుంది. పురుగు లేని పెరట్లో పిచ్చుక గుడ్డు పెట్టినా పిల్ల ఎదగదు.

అన్నీ తగ్గుతున్నాయని కూడా అనలేం. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం వైపున్న మాచర్ల, వెల్దుర్తి, దుర్గి పల్లెల్లో నెమళ్ళు ఇళ్ళ దాకా వస్తున్నాయి. తెల్లారి డాబా మీద ఆరబోసిన గింజలు తింటాయి. అడవిపందులు రాత్రికి రాత్రి వేరుశనగ చేను దున్నిపోతాయి. నెమలి జాతీయ పక్షి, దాన్ని ముట్టుకుంటే 1972 నాటి వన్యప్రాణి చట్టం ఊరుకోదు. చట్టం ఉండాల్సిందే. అడవి అంచున ఉన్నందుకు నష్టమంతా ఎకరం రెండెకరాల రైతే మోయడం మాత్రం న్యాయం కాదు. పంట నష్టానికి ఇచ్చే పరిహారం త్వరగా, కాగితాల తిప్పలు లేకుండా అందితే ఆ రైతుకు నెమలి మీద కోపం సగం తగ్గుతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం గోడ. కొత్తగా కట్టే ప్రతి ప్రహరీ ఇటుక, సిమెంటు, నున్నటి పూత. దానికి సందు ఉండదు. నాపరాతి గోడను నమ్ముకున్న పిట్ట ఒకటుంది, నల్లంచి. పిచ్చుకంత ఉంటుంది, మగది నల్లగా నిగనిగలాడుతుంది, తోక ఎప్పుడూ పైకెత్తి పట్టుకుంటుంది, ఎత్తినప్పుడు తోక కింద ఇటుకరంగు మచ్చ కనిపిస్తుంది. రాతి నేలల పిట్ట ఇది, పల్నాడు దాని సొంతూరు. వేసవిలో గోడ సందులో గడ్డి, వెంట్రుకలు, పాము కుబుసం ముక్కలు పెట్టి గూడు కడుతుంది. కుబుసం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పనక్కరలేదు, అదే గోడలో కింది వరసల నుంచి.

అత్తయ్యవాళ్ళ పెరటి గోడ మొన్నటి వానలకు ఒక మూల కూలింది. మేస్త్రీ వచ్చి చూసి మొత్తం పీకేసి సిమెంటుతో కడదామన్నాడు.

"పాములు చేరతయ్యమ్మా, మనవలు తిరిగే ఇల్లు" అన్నాడు.

"ఎలకల్ని ఎవరు తింటారు, నువ్వొచ్చి తింటావా?" అంది అత్తయ్య.

బావ కల్పించుకున్నాడు. "నువ్వుండమ్మా. ఆయన చెప్పేదీ నిజమే కదా. దొడ్లోకి పోయే దారి పక్కన సందులుంటే రాత్తిళ్ళు కష్టం."

చాలాసేపు మాటలు నడిచాయి. చివరికి దొడ్డిదారి పక్కనున్న వైపు సిమెంటుతో కట్టి, అడుగున ఖాళీ లేకుండా పూశారు. చింతచెట్టు వైపు, మనుషులు పెద్దగా పోని చోట, పాత పలకలే మళ్ళీ పేర్చమంది. మట్టి కూడా పెట్టొద్దంది. మేస్త్రీకి ఆ పేర్చడం తెలియదు. పొరుగు బజారు నుంచి పెద్దాయన ఒకాయన వచ్చి, పలక పలకనూ చేతిలో తిప్పి చూసి, ఏ అంచు ఎటుండాలో చూసుకుంటూ రెండు రోజుల్లో కట్టి పోయాడు. ఇప్పుడు మా బావ కొడుకు ఆ పని నేర్చుకుంటానని ఆయన వెంట తిరుగుతున్నాడు. ఊళ్ళో ఇంకో రెండు ఇళ్ళవాళ్ళు కూలిన గోడలు కట్టించాలని అడుగుతున్నారట, కూలి ఎంత అనేదే ఇంకా తేలలేదు.